ఫోన్‌లో, ట్యాబ్లెట్‌లో డెస్క్‌టాప్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను వర్చువల్ మెషిన్‌గా నడపడం ఎలా

చేతిలోని ఫోన్‌లో విండోస్‌నో లినక్స్‌నో నడపాలని కూర్చున్నవారు సాధారణంగా ముందు ఐఎస్ఓ ఫైల్ (ఇన్‌స్టలేషన్ డిస్క్‌కు నకలు) కోసం వెతుకుతారు. అంతకంటే ముందు తేల్చుకోవలసిన సంగతి మరొకటి ఉంది. ప్రాసెసర్‌లో ఉన్న వర్చువలైజేషన్ (ఒక పరికరం లోపల మరో కంప్యూటర్ ఉన్నట్టు నడిపే) సదుపాయాన్ని మీ పరికరం మీకు అందనిస్తోందా లేదా అన్నదే ఆ సంగతి. ఏ యాప్ వాడాలి, ఏ ఆపరేటింగ్ సిస్టమ్ ఎంచుకోవాలి, ర్యామ్ ఎంత కేటాయించాలి, ఇంతా చేశాక అది పని చేసుకోదగినంత వేగంగా నడుస్తుందా లేక నలుగురికి చూపించుకోవడానికే పనికొస్తుందా అన్నవన్నీ దాన్నిబట్టే తేలుతాయి.

ఆ సదుపాయం అందితే గెస్ట్‌లోని, అంటే వర్చువల్ మెషిన్ లోపల నడిచే ఆపరేటింగ్ సిస్టమ్‌లోని, ఆదేశాలు చాలావరకు నేరుగా ప్రాసెసర్ మీదే నడుస్తాయి. వర్చువల్ మెషిన్‌ను నడిపించే హైపర్‌వైజర్ అవసరమైనచోట మాత్రమే కలగజేసుకుంటుంది కనుక వేగం పెద్దగా తగ్గదు. అయితే ఫోన్ ప్రాసెసర్లు ఏఆర్ఎమ్ రకానివి కాబట్టి గెస్ట్ కూడా ఏఆర్ఎమ్ కోసం తయారైనదే అయి ఉండాలి. సదుపాయం అందకపోతే మిగిలేది ఎమ్యులేషన్. అప్పుడు ఒక ప్రోగ్రామ్ గెస్ట్ ఇచ్చే ప్రతి ఆదేశాన్నీ చదివి, హోస్ట్ (అంటే మీ పరికరం) ప్రాసెసర్‌కు తెలిసిన ఆదేశాలుగా మార్చి నడిపిస్తుంది. ఫాబ్రిస్ బెల్లార్డ్ 2003లో మొదలుపెట్టిన క్యూఎమ్యూ ఈ పనికి అందరూ వాడే ప్రోగ్రామ్. ఫోన్లలో కనిపించే వర్చువల్ మెషిన్ యాప్‌లలో చాలావాటి లోపల ఉన్నది అదే.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు పడతారు. "నా ఫోన్ ఏఆర్ఎమ్ కదా, ఏఆర్ఎమ్ లినక్స్ వేస్తే అసలు వేగంతో నడుస్తుంది" అనుకుంటారు. హైపర్‌వైజర్ లేనప్పుడు ఏఆర్ఎమ్ గెస్ట్‌నైనా క్యూఎమ్యూ అనువదించే నడపాలి. రెండు వైపులా ఒకే రకం ప్రాసెసర్ అయినంత మాత్రాన ఆ అనువాదం తప్పదు.

దీన్నిబట్టి పరికరాలు మూడు తరగతులుగా విడిపోతాయి. ఆండ్రాయిడ్ 13తో వచ్చిన వర్చువలైజేషన్ ఫ్రేమ్‌వర్క్‌ను పూర్తిగా అందించే ఫోన్లు మొదటి తరగతి. పిక్సెల్ 6తో ఈ వరుస మొదలైంది. మిగిలిన ఆండ్రాయిడ్ పరికరాలన్నీ రెండో తరగతి. వీటిలో హైపర్‌వైజర్ అందకపోయినా, క్యూఎమ్యూ ఒకసారి అనువదించిన ఆదేశాల గుంపును దాచుకొని మళ్లీ మళ్లీ వాడుకోగలదు. ఈ పద్ధతినే జిట్ అంటారు. ఐఫోన్లు, ఐప్యాడ్లు మూడో తరగతి. యాప్ స్టోర్ నుంచి వచ్చే ఇలాంటి యాప్‌లకు ఆపిల్ జిట్‌ను అనుమతించదు కాబట్టి ఆదేశాలను ఒక్కొక్కటిగా విప్పి నడపవలసిందే.

మొదటి తరగతి: ఆండ్రాయిడ్ టెర్మినల్

మీ ఫోన్ ఈ తరగతికి చెందినదైతే మీకు శ్రమ చాలావరకు తప్పినట్టే. 2025 మార్చిలో పిక్సెల్ ఫోన్లకు వచ్చిన ఆండ్రాయిడ్ 15 అప్‌డేట్‌తో టెర్మినల్ అనే యాప్ అందింది. దాని లోపల నడిచేది అసలైన వర్చువల్ మెషిన్‌లోని డెబియన్ లినక్స్. సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్ పేజీకి వెళ్లి బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు తట్టి డెవలపర్ ఆప్షన్లను తెరవండి. తరువాత సిస్టమ్ కింద ఉన్న డెవలపర్ ఆప్షన్స్‌లో "లినక్స్ డెవలప్‌మెంట్ ఎన్విరాన్‌మెంట్" అన్న వరుసను వెతకండి. ఆ వరుస కనిపించకపోతే మీ ఫోన్ తయారీదారు ఈ సదుపాయాన్ని ఇవ్వలేదని అర్థం. అప్పుడు రెండో తరగతి పద్ధతికి వెళ్లాలి. కనిపిస్తే దాన్ని ఆన్ చేసి, యాప్‌ల జాబితాలో కొత్తగా చేరిన టెర్మినల్‌ను తెరిచి, వైఫై మీద డెబియన్ ఇమేజ్‌ను దింపుకోనివ్వండి.

తెరుచుకున్నాక కనిపించేది నల్లటి తెర మీద కమాండ్ లైన్ మాత్రమే. ముందుగా గేర్ గుర్తులోకి వెళ్లి డిస్క్ పరిమాణం పెంచుకోండి. మొదట ఇచ్చే చోటు డెస్క్‌టాప్ వేయడానికి ఇరుకుగా ఉంటుంది, నిండిపోయాక పెంచడం కంటే ఖాళీగా ఉన్నప్పుడే పెంచడం మేలు. ఇకపై ఆదేశాలను పలికే తీరులో తెలుగు లిపిలోనే రాస్తున్నాను, టైప్ చేసేటప్పుడు వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టాలి. "సుడో ఆప్ట్ అప్‌డేట్" అని ప్యాకేజీల జాబితాను తాజాపరచి, "సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్" తరువాత ఎక్స్‌ఎఫ్‌సీఈ4, టైగర్‌వీఎన్‌సీ-స్టాండలోన్-సర్వర్ అన్న రెండు ప్యాకేజీల పేర్లు ఇవ్వండి. మొదటిది తేలికైన డెస్క్‌టాప్, రెండోది దాని తెరను మరో యాప్‌కు పంపే వీఎన్‌సీ సర్వర్. అది పూర్తయ్యాక "వీఎన్‌సీసర్వర్ :1" అని నడిపితే ఒక పాస్‌వర్డ్ అడుగుతుంది. కేవలం చూడటానికి వేరే పాస్‌వర్డ్ కావాలా అన్న ప్రశ్నకు అక్కర్లేదని చెప్పండి.

ఈ సర్వర్ 5901 పోర్టు (ఆ నంబరున్న నెట్‌వర్క్ ద్వారం) మీద వింటుంది. గెస్ట్‌లో ఏదైనా పోర్టు తెరుచుకోగానే దాన్ని అనుమతించాలా అని టెర్మినల్ యాప్ అడుగుతుంది, సెట్టింగుల్లోని పోర్టుల విభాగంలోనూ అనుమతి ఇవ్వవచ్చు. ఆ తరువాత ఏవీఎన్‌సీ లాంటి వీఎన్‌సీ వీక్షక యాప్‌లో లోకల్‌హోస్ట్ (అంటే ఇదే ఫోన్) చిరునామా, 5901 పోర్టు ఇస్తే ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్ కనిపిస్తుంది. తరువాతి ఆండ్రాయిడ్ వెర్షన్లలో టెర్మినల్‌లోనే గ్రాఫిక్ తెర తెరిచే బటన్ వచ్చింది కనుక, అది మీ ఫోన్‌లో ఉందేమో ముందే చూసుకోండి. ఫోన్‌లోని డౌన్‌లోడ్స్ ఫోల్డర్ గెస్ట్‌లో ఎమ్ఎన్‌టీ కింద షేర్డ్ అన్న పేరుతో కనిపిస్తుంది కాబట్టి ఫైళ్లు అటూ ఇటూ చేరవేయడానికి వేరే ఏర్పాటు అక్కర్లేదు. ఈ యాప్ అందించే గెస్ట్ డెబియన్ ఒక్కటే. విండోస్ కోసం వచ్చినవారికి ఇది దారి కాదు.

రెండో తరగతి: ఆండ్రాయిడ్ మీద క్యూఎమ్యూ

ఎక్కువమంది పరికరాలు ఈ తరగతిలోకే వస్తాయి, తడబాటు కూడా ఇక్కడే ఎక్కువ. లింబో పీసీ ఎమ్యులేటర్ చాలాకాలంగా ఉన్న యాప్, అయితే దాని లోపలి క్యూఎమ్యూ పాతబడింది. వెక్ట్రాస్ వీఎమ్ దాని తరువాతి తరం. కమాండ్ లైన్ అలవాటున్నవారు టెర్మక్స్ అనే కమాండ్ లైన్ యాప్‌లో క్యూఎమ్యూ ప్యాకేజీని నేరుగా వేసుకోవచ్చు. నన్నడిగితే టెర్మక్స్ దారే మంచిదంటాను, ఎందుకంటే ఏది ఎందుకు ఆగిపోయిందో చెప్పే సందేశం కళ్లెదుటే కనిపిస్తుంది. అయినా యాప్ ఏదైనా అడిగే ప్రశ్నలు అవే కాబట్టి, వాటికి ఏం జవాబివ్వాలో తెలిస్తే ఎక్కడైనా నెగ్గుకురావచ్చు.

మెషిన్ టైప్ అన్నచోట రెండు ఎంపికలు ముఖ్యం. "పీసీ" అన్నది 1996 నాటి ఇంటెల్ 440ఎఫ్ఎక్స్ చిప్‌సెట్‌ను అనుకరిస్తుంది, విండోస్ ఎక్స్‌పీ, అంతకుముందరి సిస్టమ్‌లకు ఇదే సరైనది. "క్యూ35" కొత్త లినక్స్‌లకు బాగుంటుంది. ర్యామ్ విషయంలో ఆశ పనికిరాదు. ఫోన్‌లో ఉన్న ర్యామ్‌లో మూడో వంతు దాటి ఇవ్వకండి, పావు వంతు ఇంకా క్షేమం. గెస్ట్‌కు ఇచ్చినదానికి తోడు అనువాదాలను దాచుకోవడానికి క్యూఎమ్యూకు విడిగా జ్ఞాపకశక్తి కావాలి, తెరను గీయడానికి మరికొంత కావాలి, అవన్నీ కలిసి హద్దు మీరిన క్షణంలో ఆండ్రాయిడ్ ఏ హెచ్చరికా లేకుండా యాప్‌ను మూసేస్తుంది. కోర్ల సంఖ్యను 1తో మొదలుపెట్టండి. ఎమ్యులేషన్‌లో నాలుగు కోర్లు ఇస్తే నాలుగింతల వేగం రాదు, ఎక్స్86 (ఇంటెల్ రకం పీసీ ప్రాసెసర్ల) గెస్ట్‌లు ఒక్కోసారి అస్థిరంగా కూడా మారతాయి.

డిస్క్, నెట్‌వర్క్ కార్డు, డిస్‌ప్లే మూడింటికీ సూత్రం ఒకటే: గెస్ట్ దగ్గర ఏ డ్రైవర్ ఉందో ఆ పరికరాన్నే ఇవ్వాలి. లినక్స్ కెర్నల్‌లో విర్ట్ఐఓ (వర్చువల్ మెషిన్ల కోసమే రూపొందించిన పరికరాల) డ్రైవర్లు ఉంటాయి కాబట్టి డిస్క్‌కూ నెట్‌వర్క్‌కూ విర్ట్ఐఓ ఎంచుకుంటే పని తేలికవుతుంది. విండోస్ ఎక్స్‌పీకి విర్ట్ఐఓ అంటే ఏమిటో తెలియదు, దానికి ఐడీఈ డిస్క్, ఆర్‌టీఎల్8139 నెట్‌వర్క్ కార్డు ఇవ్వాలి. డిస్క్ ఫైల్‌ను క్యూకౌ2 రకంలో సృష్టించండి. 8 జీబీ అని చెప్పినా వాడుకున్నంత మేరకే అది పెరుగుతుంది. ఎస్‌డీ కార్డు ఫ్యాట్32 అయితే ఏ ఫైల్ అయినా 4 జీబీ దగ్గర ఆగిపోతుంది కాబట్టి డిస్క్ ఫైల్‌ను ఫోన్ అంతర్గత నిల్వలోనే ఉంచండి.

మొదటి ప్రయత్నం టైనీ కోర్ లినక్స్‌తో చేయండి. దాని గ్రాఫిక్ వెర్షన్ పాతిక ఎంబీలోపే ఉంటుంది, 46 ఎంబీ ర్యామ్ ఉన్నా లేచి నిలబడుతుంది. ఐఎస్ఓను సీడీ డ్రైవ్‌కు తగిలించి, బూట్ క్రమంలో సీడీని ముందు పెట్టి, డిస్క్ ఏదీ ఇవ్వకుండానే నడపండి. డెస్క్‌టాప్, దాని అడుగున ఐకాన్ల వరుస కనిపించాయంటే మీ ఏర్పాటు సరిగ్గా ఉన్నట్టే, ఇకపై ఏదైనా చెడితే తప్పు పెద్ద గెస్ట్ అమరికల్లో వెతకవచ్చు. నేరుగా విండోస్ 10తో మొదలుపెట్టి గంటల తరబడి తిరిగే చుక్కలను చూస్తూ, లోపం ఫోన్‌లో ఉందో ఫైల్‌లో ఉందో తెలియక విసిగిపోయేవారికి ఈ చిన్న పరీక్ష ఎంతో సమయం మిగులుస్తుంది.

ఆ తరువాత నిలకడగా వాడుకోవడానికి ఆల్పైన్ లినక్స్ తగినది. స్టాండర్డ్ ఐఎస్ఓతో బూట్ చేసి, రూట్ అన్న పేరుతో పాస్‌వర్డ్ లేకుండా లోపలికి వెళ్లి, "సెటప్-ఆల్పైన్" అని కొట్టండి. కీబోర్డు, యంత్రం పేరు, నెట్‌వర్క్, రూట్ పాస్‌వర్డ్, టైమ్‌జోన్ వరుసగా అడుగుతుంది. నెట్‌వర్క్ ప్రశ్నలకు అది చూపే ఈటీహెచ్0, డీహెచ్‌సీపీ అన్న జవాబులనే ఒప్పుకుంటూ పోండి. చివర ఏ డిస్క్ అన్నప్పుడు పేరు జాగ్రత్తగా ఇవ్వాలి: విర్ట్ఐఓ డిస్క్ అయితే వీడీఏ, ఐడీఈ అయితే ఎస్‌డీఏ. దాన్ని ఎలా వాడాలి అన్న ప్రశ్నకు "సిస్" అని జవాబిస్తేనే సిస్టమ్ డిస్క్ మీద నిలుస్తుంది. ముగిశాక గెస్ట్‌ను ఆపి, ఐఎస్ఓను తీసేసి, మళ్లీ మొదలుపెట్టి "సెటప్-డెస్క్‌టాప్" నడిపితే ఏ డెస్క్‌టాప్ కావాలో అడుగుతుంది. అక్కడ ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎంచుకోండి. గ్నోమ్, కేడీఈలను ఎమ్యులేషన్‌లో కదిలించడం ఫోన్‌కూ కష్టమే, చూసేవారికీ కష్టమే.

విండోస్ ఎక్స్‌పీ విషయానికొస్తే, చెల్లుబాటయ్యే లైసెన్సు, మీ సొంత ఇన్‌స్టలేషన్ డిస్క్ నుంచి తీసుకున్న ఐఎస్ఓ ఉంటే 256 ఎంబీ నుంచి 512 ఎంబీ ర్యామ్‌తో అది సాఫీగానే నడుస్తుంది. ఇన్‌స్టలేషన్‌లో చాలామంది ఒకేచోట చిక్కుకుంటారు. ఫైళ్లు కాపీ అయ్యాక యంత్రం దానంతటదే రీస్టార్ట్ అవుతుంది, అప్పుడు సీడీ నుంచి బూట్ కావాలంటే ఏదైనా కీ నొక్కమని ఒక వరుస కనిపిస్తుంది. మొదటిసారి నొక్కాం కదా అని మళ్లీ నొక్కితే కథ మొదటికే వస్తుంది, నీలం తెర మీద కాపీ మళ్లీ మొదలవుతుంది. రెండోసారి తెరను తాకకుండా వదిలేయండి, డిస్క్ నుంచి దానంతటదే ముందుకు సాగుతుంది. మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8తో ఎక్స్‌పీకి భద్రతా మద్దతు ఆపేసింది కాబట్టి పని పూర్తయ్యాక నెట్‌వర్క్ కార్డును తీసివేయడమే ఉత్తమం.

ఇంతకూ మీకు కావలసింది ఒకే ఒక్క విండోస్ ప్రోగ్రామ్ అయితే వర్చువల్ మెషినే అక్కర్లేకపోవచ్చు. విన్‌లేటర్ లాంటి యాప్‌లు పూర్తి విండోస్ లేకుండానే, విండోస్ ప్రోగ్రామ్‌లను లినక్స్ మీద నడిపే వైన్ సాయంతో ఆ ప్రోగ్రామ్‌ను నడుపుతాయి, ఎమ్యులేషన్ కంటే చాలా వేగంగా. అలాగే టెర్మక్స్‌లోని ప్రూట్-డిస్ట్రో ఫోన్ కెర్నల్ మీదే లినక్స్ డిస్ట్రిబ్యూషన్‌ను నడుపుతుంది. ఇవి వర్చువల్ మెషిన్లు కాకపోయినా అవసరాన్నిబట్టి వీటికే నా ఓటు.

మూడో తరగతి: ఐఫోన్, ఐప్యాడ్

ఇక్కడ వాడదగిన యాప్ యూటీఎమ్ ఎస్ఈ. మొదట తిరస్కరించిన ఆపిల్ 2024 జులైలో దీన్ని యాప్ స్టోర్‌లోకి అనుమతించింది. పేరులోని ఎస్ఈ అంటే "స్లో ఎడిషన్", తయారీదారులే అంత నిజాయితీగా పెట్టుకున్న పేరు కనుక వేగం గురించి వేరే చెప్పనక్కర్లేదు. జిట్ ఉన్న మామూలు యూటీఎమ్‌ను సైడ్‌లోడ్ చేసుకునే (యాప్ స్టోర్ బయటి నుంచి వేసుకునే) దారి ఉంది కానీ, ఉచిత డెవలపర్ ఖాతాతో సంతకం చేసిన యాప్ 7 రోజులకే కాలం తీరుతుంది, జిట్‌ను పనిచేయించడానికి డీబగ్గర్ జతచేసే తంతు వేరే ఉంటుంది. ఓపిక ఉన్నవారికే అది.

యూటీఎమ్ ఎస్ఈలో కూడిక గుర్తు తట్టి, ఎమ్యులేట్ ఎంచుకొని, ఆపరేటింగ్ సిస్టమ్ రకం, ఐఎస్ఓ, ఆర్కిటెక్చర్, ర్యామ్, డిస్క్ పరిమాణం ఇస్తూ పోతే చివర సారాంశం చూపి భద్రపరుస్తుంది. సొంతంగా ఇన్‌స్టాల్ చేయడం కంటే యూటీఎమ్ గ్యాలరీలో సిద్ధంగా ఉన్న యంత్రాలను దింపుకోవడం ఈ తరగతిలో తెలివైన పని, ఎందుకంటే ఇన్‌స్టలేషన్ ఒక్కటే పూటంతా తినేస్తుంది. డాస్, విండోస్ 98, ఆల్పైన్ కమాండ్ లైన్, టైనీ కోర్ లాంటి తేలిక గెస్ట్‌లకే పరిమితం కండి. విండోస్ 11కు కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ నిల్వ కావాలని మైక్రోసాఫ్ట్ చెబుతుంది. జిట్ కూడా లేని చోట దాని గురించి ఆలోచించకపోవడమే మంచిది.

తరచూ ఎదురయ్యే చిక్కులు

అన్నిటికంటే చికాకు పెట్టేది మౌస్ బాణం. మీరు తెర కుడి మూలన తాకితే బాణం నాలుగు వేళ్ల దూరంలో ఆగుతుంది, స్టార్ట్ బటన్ మీదికి తేవాలంటే వేలిని తెర అంచు దాటించాలి, రెండుసార్లు లాగాక అసలు బాణమే కనిపించదు. మామూలు మౌస్ ఎంత దూరం కదిలిందో మాత్రమే చెబుతుంది, ఎక్కడుందో చెప్పదు, ఫోన్ తాకిడేమో స్థానాన్ని చెబుతుంది. ఈ రెండింటికీ పొంతన కుదరకపోవడమే కారణం. పరికరాల జాబితాలో యూఎస్‌బీ టాబ్లెట్ అనే, స్థానాన్ని చెప్పే మౌస్ లాంటి పరికరాన్ని చేరిస్తే గెస్ట్‌కు ఖచ్చితమైన స్థానం అందుతుంది, బాణం వేలి కిందికే వస్తుంది. విండోస్ 98 లాంటి పాత గెస్ట్‌లలో ఇది కుదరకపోతే బ్లూటూత్ మౌస్ జతచేసుకోండి.

తెరను పక్కకు తిప్పి మరో యాప్‌లోకి వెళ్లి వచ్చేసరికి గెస్ట్ మాయమైతే నేపథ్యంలోని ప్రాసెస్‌లను ఆండ్రాయిడ్ చంపుతోందని తెలుసుకోండి. ఆ యాప్‌కు బ్యాటరీ ఆదా నియంత్రణను తొలగించండి, టెర్మక్స్ అయితే నోటిఫికేషన్‌లో వేక్‌లాక్ (ఫోన్ నిద్రపోకుండా ఆపే ఏర్పాటు) తీసుకోండి. ఆండ్రాయిడ్ 12 నుంచి యాప్‌లు పుట్టించే ఉపప్రాసెస్‌ల మీద మొత్తం 32 అనే పరిమితి ఉంది, కొత్త వెర్షన్లలో చైల్డ్ ప్రాసెస్ నియంత్రణను ఆపే మీట డెవలపర్ ఆప్షన్లలోనే దొరుకుతుంది.

నెట్‌వర్క్ సరిగ్గా ఉందో లేదో పింగ్‌తో తేల్చకండి. క్యూఎమ్యూ మామూలుగా ఇచ్చే యూజర్ మోడ్ నెట్‌వర్క్‌లో గెస్ట్‌కు 10.0.2.15 అన్న చిరునామా వస్తుంది, వెబ్ పేజీలు తెరుచుకుంటాయి, పింగ్ మాత్రం చాలాసార్లు జవాబివ్వదు. గెస్ట్‌లో ఎస్ఎస్‌హెచ్ సర్వర్ (బయటి నుంచి కమాండ్ లైన్ అందించేది) ఉంటే, హోస్ట్‌లోని 2222 పోర్టును గెస్ట్‌లోని 22కు మళ్లించి, ఫోన్‌లోని ఎస్ఎస్‌హెచ్ యాప్‌తో లోపలికి వెళ్లండి. ఎమ్యులేషన్‌లో తెర మీది ప్రతి చుక్కనూ గెస్టే గీయాలి కాబట్టి, టైపింగ్ పనికి ఆ తెరను పూర్తిగా తప్పించడం వల్ల కలిగే ఊరట మొదటి నిమిషంలోనే తెలుస్తుంది.

ఫోన్ వేడెక్కితే ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది, అందుకే మొదటి పది నిమిషాలు చురుగ్గా నడిచిన గెస్ట్ తరువాత ఈడిగిలపడుతుంది. కవర్ తీసేయండి, పెద్ద ఇన్‌స్టలేషన్ నడుస్తున్నప్పుడు ఛార్జింగ్ పెట్టి వేడిని రెట్టింపు చేయకండి. ఫోన్ నిల్వ నిండితే క్యూకౌ2 ఫైల్ పెరగలేక గెస్ట్‌లో రాతలు విఫలమవుతాయి, ఫైల్‌సిస్టమ్ పాడవుతుంది. లోపల ఫైళ్లు చెరిపినా బయట ఆ ఫైల్ దానంతటది చిన్నది కాదు. అందువల్ల ఇన్‌స్టలేషన్ పూర్తయి అంతా కుదిరిన రోజునే గెస్ట్‌ను దాని మెనూ నుంచి సక్రమంగా షట్‌డౌన్ చేసి, ఆ డిస్క్ ఫైల్‌కు ఒక నకలు తీసి ఫోన్ బయట ఎక్కడైనా దాచుకోండి. నడుస్తున్న యంత్రం ఫైల్‌ను కాపీ చేస్తే సగం రాసిన డిస్క్ చేతికి వస్తుంది.